గ్రాఫిక్స్ చాలు, గోలీని సరిచేయండి

మేం ఆడే ఐస్ హాకీ వీడియో గేమ్‌కి తర్వాతి భాగం వస్తే గ్రాఫిక్స్ ఇంత కూడా పెంచక్కర్లేదు సామీ, ముందు గోలీని, అంటే గోల్‌కీపర్‌ని, సరిచేస్తే చాలు. ఇప్పుడు గోల్ ఎదుట అడ్డంగా ఒక పాస్ ఇచ్చి వెంటనే కొడితే దాదాపు ప్రతిసారీ గోలే, ఎందుకంటే గోలీ గీత వదిలి ముందుకు రాడు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి ఇండియా గోల్‌కీపర్‌గా ఎదిగిన ఎతిమరపు రజని ఆడేది మైదానంలో హాకీ, ఇది మంచు మీద హాకీ, కానీ ముందుకొచ్చి కోణం మూసేయడం రెండింట్లోనూ గోలీకి ప్రాణం.

నిన్న రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో మావాడి రూంలో రీప్లే ఆపి మరీ చూశాం, డిఫెండర్ కర్ర మంచుకి ఆనించే ఉంది, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) మాత్రం దాని మధ్యలోంచి దూరి నెట్‌లో పడింది. చాలా కోపమొచ్చింది.

చిన్న తప్పుకి మైనర్ పెనాల్టీ పడి ఒకడు బయటికెళ్తే 2 నిమిషాలు నలుగురితో ఐదుగురిని ఆపాలి, అసలు టెన్షన్ అక్కడే. మన కంప్యూటర్ ఆటగాళ్లేమో గోల్ ముందు చతురస్రంగా నిలబడకుండా అందరూ పక్ వెంటే పరుగు! ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఐసింగ్ చేసిన (తన సగంలోంచి పక్‌ని అవతలి గోల్ గీత దాటేలా కొట్టేసిన) జట్టు ఆటగాళ్లను మార్చుకోకూడదు, అలసిన కాళ్లతోనే ఫేసాఫ్‌కి (ఇద్దరి మధ్య పక్ వేసి ఆట మళ్లీ మొదలుపెట్టడానికి) నిలబడాలి, ఆ అలసట గేమ్‌లో చేతికి తెలియాలి.

ఇంకోటి, ఒకే టీవీ ముందు ఇద్దరం కూర్చుని ఒకే జట్టుకి ఆడే మోడ్ మాత్రం తీసేయొద్దు, దయచేసి.