విఫ్ లేని వైరస్‌తో నా అనుభవం

పీహెచ్‌డీలో నాకు అప్పగించిన మొదటి పనిని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: హెచ్ఐవీలోంచి విఫ్ అనే జన్యువును తీసేసి, మనిషి కణాల్లో ఆ వైరస్ పెరుగుతుందో లేదో చూడటం. పెరుగుతుంది, పెరగదు, రెండూ నిజమే. ఏ కణంలో చూస్తున్నాం అన్నదే అసలు సంగతి. అది నా చేతులతో తేల్చుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

హెచ్ఐవీ-1కి ఉన్నవి మొత్తం 9 జన్యువులు. గ్యాగ్, పోల్, ఎన్వ్ వైరస్ ఒంటినీ, దాని ఎంజైములనూ తయారుచేస్తాయి. టాట్, రెవ్ లేకపోతే పనే మొదలవదు. మిగిలిన నాలుగూ, అంటే విఫ్, వీపీఆర్, వీపీయూ, నెఫ్ లేకపోయినా ల్యాబ్‌లో పెంచే కొన్ని కణాల్లో వైరస్ హాయిగా పెరుగుతుంది. అందుకే మొదట్లో వీటిని అదనపు సరుకు కింద జమకట్టారు. నన్నడిగితే అది తొందరపాటు.

మేం ల్యాబ్‌లో పెంచే 293టి అనే మనిషి కణాలతో మొదలుపెట్టాం. వీటిలో అపోబెక్-3జీ అనే రక్షణ ప్రోటీన్ ఉండదు. మన రక్తంలోని టి కణాల్లో ఉంటుంది. విఫ్ లేని వైరస్‌ను అడ్డుకునేది ఇదేనని 2002లో వైరస్ శాస్త్రవేత్త మైకేల్ మాలిమ్ ల్యాబ్‌లో ఆన్ షీహీ, సహచరులు బయటపెట్టారు. విఫ్ ఉన్న వైరస్, లేని వైరస్, రెండిటితోనూ నేను కొన్ని ప్లేట్లలో వైరస్ ప్లాస్మిడ్ (జన్యువులను కణంలోకి మోసుకెళ్లే గుండ్రటి డీఎన్ఏ) ఒక్కటే వేశాను, కొన్నిటిలో దానితోపాటు అపోబెక్ ప్లాస్మిడ్ కూడా.

293టి కణాలు ప్లేటుకు గట్టిగా అంటుకోవు. మీడియా, అంటే కణాలకు తిండి పెట్టే ద్రవం, నేరుగా మీద పోస్తే పొరలు పొరలుగా లేచొస్తాయి. పైపెట్‌ను ప్లేటు గోడకు ఆనించి మెల్లగా జార్చాలి. అదీ ప్రమాదకర క్రిములతో పనిచేసే కట్టుదిట్టమైన బీఎస్ఎల్-3 గదిలో, రెండు జతల గ్లోవ్స్, గౌను, ఎన్95 మాస్కుతో. ముక్కు దురద పెడితే దేవుడే దిక్కు.

ఇంట్లోవాళ్ల టెన్షన్ వేరు. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మది ఒకటే మాట, "సూదుల దగ్గర జాగ్రత్త తల్లీ" అని. చుట్టాలకు మాత్రం మా అమ్మాయి కేన్సర్ మీద పనిచేస్తోందని చెప్పుకొచ్చింది.

తర్వాత పైన తేలిన ద్రవం తీసి పీ24 ఎలైజా పెట్టాను, అంటే ఒక ప్రోటీన్ ఎంత ఉందో రంగుతో కొలిచే పరీక్ష. పీ24 వైరస్ లోపలి పెంకులో ఉండే ప్రోటీన్. అదెంత ఉందో చూసి వైరస్ ఎంత తయారైందో లెక్కేస్తాం. పరీక్ష ప్లేటులోని గుంటలు నీలం తిరిగి, యాసిడ్ పడగానే పసుపయ్యాయి. విఫ్ ఉన్నా లేకున్నా, అపోబెక్ ఉన్నా లేకున్నా అన్నీ దాదాపు ఒకే పసుపు! నీరుగారిపోయాను. మా గైడ్ మేడమ్ మాత్రం, "తయారవడం చూశావు, ఇక సోకుతుందో లేదో చూడు" అన్నారు.

దెబ్బ పడేది తర్వాతి కణంలో. విఫ్ లేకపోతే, తయారవుతున్న వైరస్‌లోకి అపోబెక్ దూరి కూర్చుంటుంది. ఆ వైరస్ ఇంకో కణంలోకి వెళ్లి తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకునేటప్పుడు, కొత్త డీఎన్ఏ పోగులోని సీ అనే జన్యు అక్షరాలను అపోబెక్ పట్టుకుని యూగా మార్చేస్తుంది. విఫ్ ఉంటే ఆ అవకాశమే ఇవ్వదు. కణంలోని యంత్రాంగాన్నే వాడుకుని అపోబెక్‌కు ఉబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తు తగిలించి, ప్రోటీన్లను ముక్కలుచేసే ప్రోటియాజోమ్‌లో నాశనమయ్యేలా చేస్తుంది.

పీ24 సమానంగా ఉండేలా వైరస్ కొలిచి వైరస్ సోకిందో లేదో చూపే టీజెడ్ఎం-బీఎల్ కణాల మీద వేశాను. వైరస్ లోపలికెళ్లి టాట్ తయారైతే ఈ కణాల్లో లూసిఫరేజ్ అనే ఎంజైము వల్ల వెలుగు వస్తుంది. విఫ్ ఉన్న వైరస్‌కు అపోబెక్ ఉన్నా వెలుగు బాగానే వచ్చింది. విఫ్ లేనిదానికి, అపోబెక్ లేని ప్లేటు నుంచి తీసినప్పుడు ఏ లోటూ లేదు. అపోబెక్ ఉన్న ప్లేటు నుంచి తీసిందే, వైరస్ వేయని గుంటకూ దానికీ తేడా తెలియనంతగా పడిపోయింది. ప్రోటీన్‌ను గీతగా చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలోనూ అంతే: విఫ్ ఉన్న వరుసలో అపోబెక్ గీత మాసిపోయింది, లేని వరుసలో నల్లగా నిలిచింది.

సీక్వెన్సింగ్‌లో, అంటే వైరస్ డీఎన్ఏ అక్షరాలు చదివి చూశాక ఇక అనుమానం లేదు. ఒక పోగులో సీ యూ అయితే, దాని ఎదురు పోగులో జీ బదులు ఏ వస్తుంది. జీ ఉండాల్సిన చోటల్లా కుప్పలుగా ఏలు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి రాసుకున్న టీజీజీ చాలాచోట్ల టీఏజీ అయింది, అంటే ప్రోటీన్ తయారీ అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు వీపీయూ మీద పడ్డాను. అది ఎదుర్కొనే టెథరిన్ ప్రోటీన్, అంటే తయారైన వైరస్‌ను కణానికే కట్టిపడేసేది, హీలా అనే ల్యాబ్ కణాల్లో ఉంది, 293టిలో లేదు. ఈసారి కణాలేవో తేల్చుకున్నాకే ప్లాస్మిడ్ జోలికి వెళ్తాను.