కిస్తీ తప్పితే షెడ్డుకు తాళమేనా?

వరంగల్ కొత్తవాడలో మా బావది చిన్న జంపఖానాల షెడ్డు. కిస్తీలు ఆగేసరికి "ఇగ ఐపీ పెట్టుడే" అని గల్లీ తేల్చేసింది. అక్క టెన్షన్ చూడలేక బావతో బ్యాంకుకు వెళ్ళాను.

కిస్తీ బాకీ 90 రోజులు దాటితేనే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆలోపే, 2015లో కేంద్రం ఎంఎస్ఎంఈలకు (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు) తెచ్చిన పద్ధతి కింద యజమానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు పెంచాలా, వసూలుకు పోవాలా అన్నది బ్యాంకు కమిటీ చూస్తుంది. ఈ మాట ముందే చెబితే బ్యాంకు సొమ్మేం పోయింది? 2021 నాటి ప్రీ-ప్యాక్ (అప్పులిచ్చినవాళ్ళతో ముందే మాట్లాడుకుని వెళ్ళే దివాలా పద్ధతి) మాత్రం కంపెనీలకు, ఎల్ఎల్‌పీలకే (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థలకే). సొంత పేరు మీద నడిపేవాళ్ళకు లేదు.

బావ అక్కడే ఖాతా పుస్తకం తీసి, షాపులవాళ్ళు ఇవ్వాల్సిన బాకీలకు ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టాడు. పేజీ నిండిపోయింది.

సోమవారం దరఖాస్తు ఇస్తున్నాం. ఇలా అప్పు గడువు మార్పించుకున్నవాళ్ళు (రీస్ట్రక్చరింగ్) ఉంటే, వడ్డీ ఎంత పడిందో కాస్త చెప్పండి.