1948 నాటి ఒక ఫ్రాంకు

ఆదివారం, తులూజ్

రాత్రికి వంట చేయబుద్ధి కాలేదు. నిన్నటి పప్పే వేడి చేసుకుని తిన్నాను. ఇప్పుడు బల్ల మీద, పొద్దున వీధి సంతలో కొన్న నాణెం పెట్టుకుని కూర్చున్నాను. ఏది తీసుకున్నా యాభై సెంట్లు అన్న డబ్బాలో దొరికింది. 1948లో అచ్చయిన ఒక ఫ్రాంకు, అల్యూమినియంది. ఈ దేశంలో పాత ఇళ్ల సొరుగుల్లో ఎక్కడైనా కనిపించేంత మామూలు నాణెం కాబట్టి సేకరించేవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. నాకు మాత్రం ఆ రోజుల ఫ్రాన్స్ కష్టమంతా ఇందులోనే ఉందనిపిస్తుంది.

వెడల్పు 23 మిల్లీమీటర్లు, బరువు 1.3 గ్రాములు. అరచేతిలో పెట్టుకుంటే మన పాత అయిదు పైసల బిళ్లలాగే ఉన్నట్టే తెలియదు. ఒకవైపు ఫ్రిజియన్ టోపీతో, అంటే స్వేచ్ఛకు గుర్తైన మెత్తటి టోపీతో, రిపబ్లిక్‌కు ప్రతీకైన స్త్రీ ముఖం, దాన్ని చెక్కిన మోర్లోన్ పేరు. రెండోవైపు విలువకు అటూ ఇటూ పంటతో నిండిన రెండు కొమ్ములు, సిరిసంపదలకు గుర్తుగా. సంవత్సరం దగ్గర చిన్న బి అక్షరం ఉంది. అంటే నార్మండీలోని బోమోన్-లె-రోజేలో అచ్చయిందన్నమాట.

ఆ కొమ్ముల మీదే నా చూపు ఆగిపోతోంది. 1947లో రొట్టె రేషన్ మనిషికి రోజుకు 200 గ్రాములకు పడిపోయింది. రొట్టెకు కూపన్లు 1949 మొదట్లో గానీ పోలేదు. కింది ఫ్లోర్ పెద్దావిడకు నాణెం చూపిస్తే, "మదాం" అని నేను నోరు తెరిచేలోపే, "నేను జె2ని" అంది. ఆరు నుంచి పదమూడేళ్ల పిల్లల రేషన్ కార్డు మీద ఉండే అక్షరం అది. వీటిని గుప్పెడు పట్టుకెళ్లినా కూపన్ చూపించందే రొట్టె ఇచ్చేవాళ్లు కాదట.

ఈ బొమ్మ కొత్తదేమీ కాదు. 1931 నుంచి ఇదే బొమ్మతో, ఇదే సైజులో, రాగి ఎక్కువ ఉన్న మిశ్రలోహంతో నాణేలు వచ్చాయి. అప్పుడు బరువు 4 గ్రాములు. 1940లో జర్మనీ గెలిచాక రాగి, నికెల్ దాని యుద్ధ పరిశ్రమకు తరలిపోయాయి. 1941లో ఈ ఫ్రాంకు అల్యూమినియంలోకి మారింది. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ అనే ప్రాంతంలో అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ గనులుండేవి, అల్యూమినియం తీసే పద్ధతిని 1886లో కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఎరూ ఫ్రెంచివాడే. 1942 నుంచి, జర్మనీతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వం రిపబ్లిక్ ముఖం తీసేసి గొడ్డలి గుర్తు పెట్టింది. జర్మనీ నుంచి విముక్తి తర్వాత ముఖం తిరిగొచ్చింది గానీ పాత లోహం రాలేదు.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. ఆక్రమణ ఖర్చుల పేరుతో జర్మనీ మొదట రోజుకు 40 కోట్ల ఫ్రాంకులు వసూలు చేసింది. ఆ భారమంతా చివరికి నోట్ల ముద్రణ మీదే పడింది. యుద్ధం ముగిసేసరికి జనం చేతుల్లో నోట్లున్నాయి, కొట్లలో సరుకు లేదు. 1946 నుంచి 1948 దాకా ఏటా ధరలు దాదాపు సగం మేర పెరిగాయి. డాలరు 1945 డిసెంబరులో 119 ఫ్రాంకులు, 1948 జనవరిలో 214, 1949 సెప్టెంబరులో 350. 1803లో ఇదే ఫ్రాంకు అంటే 5 గ్రాముల వెండి నాణెం.

దీన్ని ఆపడానికి దారి లేకపోలేదు. బెల్జియం 1944 అక్టోబరులోనే పాత నోట్లు రద్దు చేసి, బ్యాంకు ఖాతాలు స్తంభింపజేసింది. ఇక్కడా అలాగే గట్టిగా చేయాలని ఆర్థిక వ్యవస్థ మంత్రి మెండేస్ ఫ్రాన్స్ పట్టుబట్టాడు. అప్పటి ప్రభుత్వాధినేత డిగాల్ మాత్రం, అంత కఠినం వద్దన్న ఆర్థిక మంత్రి ప్లెవెన్ మాట విన్నాడు. 1945 ఏప్రిల్‌లో మెండేస్ ఫ్రాన్స్ రాజీనామా చేశాడు. జూన్‌లో నోట్లు మార్చారు, అంతే. ఖాతాల జోలికి పోలేదు. నా మటుకు నాకు మెండేస్ ఫ్రాన్స్ చెప్పిందే సరైనదనిపిస్తుంది. ఆ చేదు మందు వద్దనుకున్నందుకు మూల్యం చెల్లించింది పెన్షన్ మీద, ప్రభుత్వ బాండ్ల వడ్డీ మీద బతికే ముసలివాళ్లు. పెద్దావిడ తాతగారూ వాళ్లలో ఒకరు. బాండ్ల కాగితాలు బీరువాలో అలాగే ఉండేవట, వాటి వడ్డీతో బొగ్గు కూడా వచ్చేది కాదట. చెబుతుంటే ఆవిడ గొంతులో కోపం ఇంకా చల్లారలేదు. తాతయ్య సోమరివాడు కాదు, జూదగాడూ కాదు, ప్రభుత్వాన్ని నమ్మాడు, అంతే.

(అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచివాళ్లదే. కానీ అక్కడ నడిచింది రూపాయి కాబట్టి గోదావరి పక్కన ఈ బిళ్లతో బేరం జరిగి ఉండదు.)

1960 జనవరి 1న వంద పాత ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంకు అయ్యాయి. ఈ నాణెం ఒక సెంటీము అయింది. కొత్త ఉక్కు సెంటీములు 1962లో వచ్చేదాకా దీనితోనే చిల్లర నడిచింది. యూరో లెక్కలో ఒక యూరోకు 656 పాత ఫ్రాంకులు. అంటే నేనిచ్చిన యాభై సెంట్లకు ఇలాంటివి 328 రావాలి. పెద్దావిడకు ఈ లెక్క చెబితే కాగితం అక్కర్లేకుండా నోటితోనే సరిచూసేసింది. ఇళ్ల ధరలు ఆవిడ ఇప్పటికీ పాత ఫ్రాంకుల్లోనే అనుకుంటుంది.

ఇదే నాణెం మీద సి అక్షరం ఉన్నవీ ఉన్నాయి. అవి మా తులూజ్‌కు దగ్గరే ఉన్న కాస్తెల్‌సరాజాన్‌లో అచ్చయినవి. 1945ది ఒకటి దొరికితే బాగుండు. వచ్చే ఆదివారం ఆ డబ్బా మళ్లీ మొత్తం వెతకాలి.