కారు డోరు చప్పుడు వినపడిందా?

పాత సినిమాలంటే నాకు పిచ్చి. ఈ పిచ్చిని ఇంకొకళ్ళకి అంటించడం ఎంత కష్టమో మాత్రం పిల్లలకి సినిమా క్లాసు చెప్పడం మొదలుపెట్టాకే తెలిసొచ్చింది. మొదటి క్లాసులో సినిమా వేసేముందు అరగంట ఉపన్యాసం దంచేశా, ఇది మాస్టర్‌పీస్, ఇది చూడకపోతే సినిమా గురించి మాట్లాడకూడదు, ఇలా. తీరా లైట్లు ఆర్పాక చూస్తే వెనక బెంచీలో ఇద్దరు హాయిగా నిద్రపోతున్నారు. వాళ్ళనేం అనగలం, ముందే గొప్పది అని ముద్ర కొట్టి చేతిలో పెడితే వాళ్ళంతట వాళ్ళు కనుక్కోడానికి ఇంకేం మిగిలింది?

అసలు ఆ సినిమా, అంటే సిటిజన్ కేన్ (1941), మొదటిసారి చూసినప్పుడు నాకే బోరు కొట్టింది, ఈ మాట ఆ రోజు క్లాసులో చెప్పుంటే బాగుండేది.

ఇప్పుడు పేరు కూడా చెప్పను, ఒక సీను వేస్తానంతే. ఎక్కువసార్లు వేసేది చాప్లిన్ సిటీ లైట్స్‌లో పూలమ్మాయి సీను. రోడ్డు నిండా ట్రాఫిక్, మనవాడు దాటలేక ఆగి ఉన్న ఖరీదైన కారులో ఈ పక్క నుంచి దూరి ఆ పక్క డోరు తీసుకుని ఫుట్‌పాత్ మీదకి దిగుతాడు, అక్కడ కూర్చున్న పూలమ్మాయి ఆ డోరు చప్పుడు విని ఎవరో డబ్బున్నాయన వచ్చాడనుకుని పువ్వు చాపుతుంది. పువ్వు కింద పడితే ఆమె నేలంతా తడుముకుంటుంది, అప్పుడు తెలుస్తుంది అతనికి, ఆమెకి కళ్ళు లేవని. ఈలోగా అసలు ఓనరు వచ్చి కారెక్కి డోరు వేసుకుని వెళ్ళిపోతాడు, పాపం ఆమేమో చిల్లర తీసుకోకుండానే వెళ్ళిపోయాడనుకుంటుంది.

ఇక్కడ ఆపి అడుగుతా, డోరు చప్పుడు మీకు వినపడిందా అని. సగం మంది వినపడింది సార్ అంటారు! వినపడే ఛాన్సే లేదు, మ్యూజిక్ తప్ప ఇంకేం లేదక్కడ. టాకీలు వచ్చేశాక 1931లో కూడా మొండిగా మాటల్లేకుండా తీసిన సినిమా అది, అందులో కథంతా నిలబడింది ఒక చప్పుడు మీద. ఈ ఒక్క డోరు ఐడియా తట్టడానికి ఆయనకి నెలలు పట్టింది, ఆ సీనుకి 300కి పైగా టేకులు తీశాడంటారు. ఇది సీను చూశాక చెప్తే నోళ్ళు తెరుచుకుని వింటారు, చూడకముందు చెప్తే జీకే బిట్టు అంతే.

ఇంకోటి 12 యాంగ్రీ మెన్ (1957), దాదాపు సినిమా అంతా ఒకే గది. మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో ఫ్రేము ఆపి పక్కపక్కన పెట్టి ఏం మారిందని అడిగితే ఒకబ్బాయి "గది చిన్నదైపోయింది సార్" అన్నాడు. కరెక్ట్‌గా అదే! కెమెరా మొదట కంటికి పైనుంచి చూస్తుంది, తర్వాత కంటి ఎత్తుకి, చివరికి కిందనుంచి, దాంతో పైకప్పు మీద పడిపోతున్నట్టుంటుంది, లెన్సులు కూడా మార్చుకుంటూ పోయాడు డైరెక్టర్ సిడ్నీ లూమెట్.

ప్రతి బ్యాచ్‌లోనూ ఒకళ్ళు అడుగుతారు, ఇదంతా డైరెక్టర్ అనుకునే చేశాడా, మీరే ఊహించుకుంటున్నారా అని. నాకు నచ్చే ప్రశ్న ఇది. లూమెట్ అయితే తన పుస్తకంలో తనే రాసుకున్నాడు కాబట్టి బతికిపోయా, అన్నిసార్లూ అలా దొరకదు, అప్పుడు ఏమో, నాకలా అనిపించింది అని ఒప్పేసుకుంటా.

సిటీ లైట్స్ చివరి సీను మాత్రం క్లాసులో ముక్కగా వెయ్యను, ముందున్న గంటంపావు కూర్చుని చూసినవాళ్ళకే అది అందుతుంది. పోయినవారం క్లాసయ్యాక మొత్తం సినిమా వేస్తున్నా, ఇష్టమున్నవాళ్ళు ఉండండి అంటే పదకొండు మంది ఉన్నారు. ఆ నిద్రపోయిన ఇద్దరిలో ఒకడు ఉన్నాడు, రెండోవాడు బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.