ఫోర్‌హ్యాండ్‌కు ముందు కాళ్లు

ఎండాకాలంలో విజయవాడలో టెన్నిస్ ఆడాలంటే తెల్లవారకముందే కోర్టుకు చేరుకోవాలి. ఎనిమిది దాటితే నేల సెగకు నిలబడటమే కష్టం, పైగా ఆ వేడికి బంతి కూడా మామూలు కన్నా ఎత్తుకు లేస్తుంది. ఈ రోజు డబుల్స్‌కు మనుషులు సరిపోకపోవడంతో, ఈ మధ్యే మాతో చేరిన ఒక బ్యాంకు ఉద్యోగితో ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతి వైపుకు వచ్చిన బంతిని కొట్టే దెబ్బ) సాధనలోనే ఉదయమంతా గడిపాను.

"బలం చాలడం లేదండీ, భుజం ఇంకా గట్టిగా తిప్పాలా?" అని ఆయన అడిగారు. ఆయన భుజానికి ఏ లోటూ లేదు. మడమలు నేలకు ఆనించి నిలబడి, బంతి నెట్ దాటిన తరువాత గాని కదలకపోవడమే అసలు ఇబ్బంది. కోర్టు పొడవు 78 అడుగులు. ఓ మాదిరి వేగంతో కొట్టిన బంతి ఆ దూరం రావడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. అందులో సగం నిలబడే గడిచిపోతే, బంతి ఒంటి పక్కకు వచ్చేశాక మణికట్టుతో నెట్టడం తప్ప వేరే దారి ఉండదు.

అందుకని ముందుగా స్ప్లిట్ స్టెప్ చేయించాను. ఎదుటివారు బంతిని కొట్టబోతుండగా రెండు పాదాలూ నేల నుంచి కాస్త లేవాలి. బంతి ఏ వైపు వస్తుందో తెలిసే వేళకు మునివేళ్ల మీద, మోకాళ్లు కొద్దిగా వంచి దిగాలి. ఎత్తుగా ఎగరనక్కరలేదు. ఫెదరర్ ఆడిన మ్యాచ్‌ను ఒక్కసారి బంతిని వదిలేసి ఆయన పాదాలనే చూస్తూ కూర్చుంటే, ఈ చిన్న గెంతు ఎంత క్రమం తప్పకుండా పడుతుందో తెలుస్తుంది. నాకు చేతనైతే కొత్తగా వచ్చేవారందరికీ గ్రిప్ కన్నా ముందు దీన్నే నేర్పిస్తాను.

దిగిన వెంటనే చేయి ఒక్కటే వెనక్కి పోకూడదు, నడుమూ భుజాలూ కలిసి తిరగాలి. ఆయన రాకెట్ మెడ దగ్గర పట్టుకున్న ఎడమ చేతిని మరీ ముందే వదిలేస్తున్నారు. భుజాలు పూర్తిగా తిరిగేదాకా వదలవద్దని, వదిలాక ఆ చేతిని బేస్‌లైన్ (కోర్టు వెనుక చివరి గీత) వెంబడి చాచి ఉంచమని చెప్పాను. కాసేపటికి ఒక బంతి ఆయన ఎడమ పాదానికి జానెడు ముందు రాకెట్ నడిమధ్యన తగిలింది. ఆ చప్పుడే వేరు. నెట్ మీద మనిషి నడుమెత్తున సాగి బేస్‌లైన్ లోపల దిగింది. "చేతికి బరువే తెలియలేదండీ!" అని ఆయన అంటుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మంచినీళ్లకు ఆగినప్పుడు సాకేత్ మైనేని మాట వచ్చింది. మన ఉయ్యూరులో పుట్టి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన ఆటగాడు కదా. "అంత పొడగరికి బంతి ఎక్కడున్నా అందుతుంది, మనకెలా?" అన్నారాయన. పొడుగు సర్వీసుకు కలిసివచ్చే మాట నిజమే గాని, ఫోర్‌హ్యాండ్‌లో చేతులు పొడుగైన కొద్దీ బంతికీ ఒంటికీ మధ్య ఎక్కువ చోటు చేసుకోవాలి. ఆ చోటు చివరి చిన్న చిన్న అడుగుల వల్లనే దొరుకుతుంది. బంతి వైపు పెద్ద అంగలతో వెళ్లినా, దగ్గరయ్యాక అడుగులు కురచ కావాలి. మన కోర్టుల్లో చాలామంది బంతి మీదికి మరీ చొరబడి మోచేయి ముడుచుకుని కొడతారు. దూరమై కొట్టలేకపోయేవారు తక్కువే.

రేపు ఫోర్‌హ్యాండ్‌లన్నీ క్రాస్‌కోర్టుకే, అంటే నెట్ నడుమ మీదుగా ఐమూలగా, కొడదామని అనుకున్నాం. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర మూడున్నర అడుగులైతే నడుమ మూడే అడుగులు; ఆ మూల నుంచి ఈ మూలకు దూరం కూడా నేరుగా కొట్టే దారి కన్నా దాదాపు నాలుగున్నర అడుగులు ఎక్కువ. కాళ్లు ఇంకా కుదురుకోని ఆయనకు ప్రస్తుతానికి ఆ వెసులుబాటు కావాలి.