హాయి దగ్గర మొదటిసారి ఓడిపోవడం మామూలే

నిన్న సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ప్రాచీన ఇశ్రాయేలు చరిత్ర పత్రంలో 68. పోయిన ఏడాది ఇదే పత్రంలో 36 వచ్చి తప్పాను. అప్పుడు ఎదురుపడితే ముఖం తిప్పుకున్నవాళ్ళు కూడా నిన్నటి నుంచి ఫోన్లు చేసి ఎలా చదివావని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. బి.డి. (క్రైస్తవ వేదాంత డిగ్రీ) చదివేవాళ్ళకు సిలబస్ తెలిసిందే, ప్రశ్నల తీరూ తెలిసిందే. వాటి జోలికి పోను.

ముందు తప్పిన సంగతి. ‘ఇశ్రాయేలీయులు కనానులో స్థిరపడిన తీరును చర్చించండి’ అన్న ప్రశ్న చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. పాస్టరు కొడుకుని. మోషే తర్వాత యెహోషువ ఇశ్రాయేలీయులను కనానులోకి నడిపించి పట్టుకున్న యెరికో పట్టణం కథ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆరు రోజులు రోజుకొక చుట్టు, ఏడో రోజు ఏడు చుట్లు, బూరలు, జనం కేకలు, కూలిన గోడ, రాహాబు కిటికీకి కట్టిన ఎర్రదారం, ఆకాను గుడారంలో పాతిపెట్టిన వెండి బంగారాలు. అదనపు కాగితాలు అడిగి తీసుకుని మరీ ఎనిమిది పేజీలు నింపాను. ‘మన జీవితాల్లోనూ కూలవలసిన యెరికో గోడలు ఎన్నో ఉన్నాయి’ అని ముగించాను కూడా.

36 చూశాక రెండు రోజులు అన్నం సహించలేదు. దిద్దినవాడు విశ్వాసం లేని మనిషి అయివుంటాడని హాస్టల్లో నలుగురి ముందూ అన్నాను. మా సీనియర్ అన్న నా జవాబంతా నోటితో చెప్పించుకుని, ఓపిగ్గా విని, ‘చాలా బాగుంది తమ్ముడూ, వచ్చే ఆదివారం మా సంఘానికి వచ్చి చెప్పు’ అన్నాడు. అంతే. ఇంకొక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ వేసవిలో ఇంటికి వెళ్ళాను. మా ఊరి చెరువు అవతల ఒక పాటిదిబ్బ ఉంది. రైతులు అక్కడి పాటిమన్ను ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటారు. ఆ ఏడు జేసీబీ పెట్టి తవ్వారేమో, దిబ్బ ఒక పక్క గోడలా నిలువుగా తెగి ఉంది. పైన జానెడు మెత్తటి మట్టి. దాని కింద కుండపెంకులు. వాటి కింద నాలుగు వేళ్ళ మందాన బూడిద గీత, ఇటు నుంచి అటు దాకా. ఆ గీత కింద ఇటుక ముక్కలు, ఎర్రమట్టి, మళ్ళీ పెంకులు. కానీ పై పెంకులు నల్లగా, కింది పెంకులు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు అక్కడ పూసలు ఏరుకున్నవాణ్ణి, ఈ గీతను ఎప్పుడూ చూడలేదు.

పుస్తకంలో ‘తెల్’ అని, అంటే పాత ఊళ్ళు ఒకదాని మీద ఒకటి కూలి ఏర్పడిన దిబ్బ అని, బట్టీ పట్టింది ఇదే కదా! 1890లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ పాలస్తీనాలోని తెల్ ఎల్-హెసీ దగ్గర కుండపెంకుల తీరు మారడాన్ని బట్టి పొరల కాలం చెప్పవచ్చని చూపించాడని అప్పటికి పది సార్లు చదివి ఉంటాను. అర్థమైంది మాత్రం మా ఊరి దిబ్బ ముందు నిలబడినప్పుడే. గోడ కూలిందా లేదా అన్నది ఒక్కటే కాదు, ఏ పొరలో కూలిందన్నది కూడా ప్రశ్నే.

ఇక యెరికో పాఠం మళ్ళీ తీశాను. 1930లలో గార్స్టాంగ్ తవ్వి, కూలిన గోడ కనబడగానే ఇది యెహోషువ కాలానిదే అన్నాడు. 1952 నుంచి 1958 దాకా కాథ్లీన్ కెన్యన్ పొర పొరా విప్పి, ఆ గోడ అంతకు దాదాపు వెయ్యేళ్ళ ముందుదని తేల్చింది. తర్వాతి పట్టణం కూడా క్రీ.పూ. 1550 ప్రాంతంలోనే నాశనమైంది. యెరికో తర్వాత యెహోషువ పట్టుకున్నాడని బైబిలు చెప్పే హాయి పట్టణం సంగతి మరీ ఇబ్బంది. 1933–35లో జూడిత్ మార్కే-క్రౌజ్ తవ్విన ఎత్-తెల్ దిబ్బే హాయి అని ఎక్కువమంది అంటారు. అది క్రీ.పూ. 2400 ప్రాంతం నుంచి సుమారు 1200 దాకా ఖాళీగా ఉంది. మన తెలుగు బైబిలులో పేరుకే అది హాయి, హెబ్రీలో ఆ పేరుకు అర్థం శిథిలం. యెహోషువ మనుషులు కూడా అక్కడ మొదటిసారి ఓడిపోయారు. చచ్చినవాళ్ళు ముప్పైయారుగురు. నా మార్కులూ 36. దీన్ని జవాబులో రాయకండి, నా తృప్తి కోసం చెప్పుకుంటున్నాను.

యెరికో, హాయి రెండూ చూపించి ‘దండయాత్ర ఒట్టి కథ’ అని తేల్చేయడం రెండో పొరపాటు. యెహోషువ కాల్చేశాడని బైబిలు చెప్పే హాసోరు పట్టణం ఉంది. క్రీ.పూ. 13వ శతాబ్దంలో అది భయంకరంగా తగలబడింది. యాదీన్ తవ్వకాల నుంచి ఎవరు తగలబెట్టారన్నదే వాదం, తగలబడిందా అన్నది కాదు. మూడు దిబ్బలు మూడు రకాల సాక్ష్యం చెబుతున్నాయని రాసి, తర్వాత పండితుల సిద్ధాంతాలు, అంటే ఆల్‌బ్రైట్ దండయాత్ర, ఆల్ట్ శాంతియుత వలస, మెండెన్‌హాల్, గాట్‌వాల్డ్‌ల రైతుల తిరుగుబాటు, ఫింకెల్‌స్టీన్ కొండసీమ గ్రామాల సర్వే వరసగా పెట్టండి. పేర్లు మీకు తెలుసు, వాటి మీద పేజీలు పాడుచేయకండి. ఏ సిద్ధాంతం ఏ దిబ్బ దగ్గర తడబడుతుందో ఒక్కొక్క వాక్యం రాస్తే చాలు.

ఈజిప్టు ఫరో మెర్నెప్తా శిలాశాసనానికి మాత్రం బొమ్మ వేయండి. నేను వేశాను. 1896లో పెట్రీకే థీబ్స్‌లో దొరికింది, శాసనం కాలం క్రీ.పూ. 1208 ప్రాంతం. అష్కెలోను, గెజెరు, యెనోయాము పేర్ల పక్కన ఈజిప్టు లేఖకుడు దేశాన్ని సూచించే మూడు కొండల గుర్తు పెట్టాడు. ఇశ్రాయేలు పేరు పక్కన ఒక కూర్చున్న పురుషుడు, ఒక స్త్రీ, కింద మూడు గీతలు. అంటే అప్పటికి వాళ్ళొక దేశం కాదు, ఒక జనం. ‘ఇశ్రాయేలు పాడైపోయింది, దాని విత్తనం లేదు’ అని ఫరో గొప్పలు చెప్పుకున్న ఆ వాక్యమే బైబిలు బయట ఆ పేరు కనబడే అత్యంత పాత చోటుగా చాలామంది ఒప్పుకుంటారు. లేదు పొమ్మన్న రాయే ఉందని సాక్ష్యం చెబుతోంది.

ఇక్కడ క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు. నాలుగింటికి లేవండి. ఫోను పక్క గదిలో పెట్టండి. రోజుకొక శాసనం చొప్పున చేత్తో రాయండి, ఫొటో తీసుకుని దాచుకుంటే చదివినట్టు కాదు. అంత్య దినాల్లో యువత... ఆగండి, మళ్ళీ ప్రసంగంలోకి వెళ్ళిపోతున్నాను. రక్తంలో ఉంది.

పేర్లతో జాగ్రత్త. పుస్తకాల్లో సైరస్ అని ఉన్నవాడు మన తెలుగు బైబిలులో కోరెషు, సమరియ మన షోమ్రోను, అస్సీరియా అష్షూరు. నేను నోటుపుస్తకంలో నిలువు గీత గీసి రెండు పక్కలా రాసుకున్నాను.

పొరుగువాళ్ళను వదిలేయకండి, పోయినసారి నేను వదిలేశాను. మోయాబు రాజు మేషా శాసనం ఒక్కటి గట్టిగా చదివితే మూడు ప్రశ్నలకు పనికొస్తుంది. 1868లో దీబోనులో బయటపడింది. యూరపువాళ్ళు దానికోసం పోటీపడుతుంటే అక్కడి బెదూయిన్లు విసిగిపోయి, మంట పెట్టి కాల్చి, నీళ్ళు పోసి పగలగొట్టారు. అంతకు ముందే కాగితం మీద తీసిన అచ్చు వల్ల మనకు పాఠం మిగిలింది. అందులో మేషా ఏమంటాడు? మోయాబు దేవుడు కెమోషు తన దేశం మీద కోపగించినందువల్లే ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మోయాబును అణచాడట. కెమోషు పేరు తీసి యెహోవా పేరు పెడితే అచ్చం మన రాజుల గ్రంథంలా ఉంటుంది. ఇది చెప్పినందుకే మా సంఘంలో ఒకాయన నేను విశ్వాసం పోగొట్టుకున్నానని ప్రచారం చేశాడు. పోగొట్టుకోలేదు. పక్కింటివాళ్ళూ మనలాగే ఏడ్చేవారని తెలిస్తే విశ్వాసం ఎందుకు పోతుంది? ఈ మాట ఆయనకు చెప్పాలనే ఇక్కడ రాస్తున్నాను, పరీక్షకు అవసరం లేదు.

తెల్ దాను శాసనంలోని ‘దావీదు ఇల్లు’, అష్షూరువాళ్ళతో కర్కరు యుద్ధంలో ఇశ్రాయేలు రాజు అహాబు 2,000 రథాలు, ఇశ్రాయేలు రాజు యెహూ వంగి నమస్కరిస్తున్న అష్షూరు నల్లరాతి స్తంభం: ఇవన్నీ సంవత్సరంతో సహా రాసుకోండి. యూదులు బబులోనుకు బందీలుగా వెళ్ళిన చెర కాలం నేను చివరి వారంలో హడావిడిగా చదివాను, అదృష్టం కొద్దీ దాని మీద చిన్న ప్రశ్నే వచ్చింది.

ఈసారి నన్ను గట్టెక్కించింది క్రీ.పూ. 701. అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీద చేసిన దండయాత్ర మీద పెద్ద ప్రశ్న. రాజుల రెండవ గ్రంథం, సన్హెరీబు తన విజయాలు రాయించిన మట్టి పట్టకం, నీనెవె రాజభవనం గోడల మీద చెక్కిన యూదా పట్టణం లాకీషు ముట్టడి, లాకీషు దిబ్బ దగ్గర నేటికీ కనబడే ముట్టడి వాలు, ఇలా నాలుగు సాక్ష్యాలు పక్కపక్కన పెట్టాను. ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నాననీ, యూదా రాజు హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించాననీ చెప్పుకున్న సన్హెరీబు, యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనలేదు. కప్పం లెక్క కూడా రాశాను. బంగారం రెండు చోట్లా 30 తలాంతులే (తలాంతు అంటే అప్పటి తూకం). వెండి హెబ్రీ బైబిలులో 300, అష్షూరు లెక్కలో 800. తెలుగు బైబిలు తలాంతులను మణుగుల్లోకి మార్చి చెబుతుంది కనుక పరీక్షలో మూలంలోని అంకెలే రాయండి.

నిన్న రాత్రి ఫోనులో నాన్నకు ఈ జవాబంతా చదివి వినిపించాను. యెరికో సంగతి ఆయనకు ఇంకా మింగుడుపడలేదు, అది ఎత్తకుండా జాగ్రత్తపడ్డాను. వెండి లెక్క దగ్గర ఆపమన్నారు. ముప్పై ఏళ్ళుగా సంఘం కానుకల పుస్తకం రాస్తున్న మనిషి.

‘అయితే ఆ మిగతా ఐదువందలు దారిలో ఎవరు మింగార్రా?’ అన్నారు.