మెట్ మ్యూజియం పుస్తకాలు ఫ్రీగా ఉన్నాయి, మన బరంపురం మగ్గాలవాళ్లు కూడా చూడాలి

న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం ఉంది కదా, అందరూ మెట్ అంటారు, వాళ్లు అచ్చేసిన ఆర్ట్ పుస్తకాలు 2012 నుంచి నెట్‌లో పెడుతున్నారు, ఇప్పుడు కొందామన్నా దొరకని పాత కేటలాగులు కూడా చాలా ఉన్నాయి. మెట్ పబ్లికేషన్స్ అని కొడితే వచ్చేస్తుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. కొత్తవి కొన్ని డౌన్‌లోడ్ అవ్వవు, ఆ సంగతి ముందే చెప్తున్నా.

1985లో వాళ్లు పెట్టిన ఇండియా ఎగ్జిబిషన్ పుస్తకం, 1300 నుంచి 1900 దాకా మన కళ మీద, పూర్తి పీడీఎఫ్ దొరుకుతుంది. ఇలాంటివి ఒడిశాలో ఉన్న మా బరంపురంలో ఏ షాపులోనూ చూడలేదు నేను, బయట కొనాలంటే వేలల్లో ఉంటాయి, మగ్గం నేసేవాళ్ల పిల్లలు ఎక్కడ కొంటారు చెప్పండి.

నన్ను బాగా పట్టేసింది మాత్రం గోల్కొండ కలంకారీ రుమాళ్లు. 1640-50 నాటివి, మెట్ దగ్గర ఉన్నాయి, సైట్‌లో ఫొటో పెద్దది చేసి చూస్తే ఒక్కో పువ్వు, ఒక్కో ఆకు ఈనె కూడా కనిపిస్తుంది. నూలు గుడ్డ మీద కలంతో గీసి, పటిక పూసిన చోట చిరివేరు ఎరుపు పట్టేలా చేసి, నీలం అక్కర్లేని చోట మైనం రాసి నీలిమందులో ముంచి, ఇంత పని మన తెలుగు నేల మీద జరిగింది, బళ్లో ఒక్క ముక్క చెప్పలేదు మాకు.

మా పెదనాన్నకి ఫోన్‌లో చూపించా. ఆయన పట్టుచీరల మీద ఫోడా కుంభ అంచు నేస్తారు, గుడి గోపురాల్లా వరసగా వస్తుంది చూడండి, అదే. బొమ్మలో మనుషుల్ని అసలు పట్టించుకోలేదు, సీదా అంచు దగ్గరికి వెళ్లిపోయి "ఏటమ్మా ఇది, మూల దగ్గర తీగ ఎలా తిప్పేరో చూడు" అని అక్కడే ఆగిపోయారు. మూల తిప్పడమే కష్టం అంట. నాకైతే ఏ పుస్తకం చదివినా ఆ మాట తట్టేది కాదు, అందుకే అంటున్నా, ఇవి ఆర్ట్ చదివినోళ్ల కంటే ముందు పని తెలిసినోళ్ల చేతికి వెళ్లాలి.

ఇంకోటి, 2017లో మెట్ తన దగ్గరున్న కాపీరైట్ లేని వస్తువుల ఫొటోలు 3,75,000 దాకా ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది. ఓపెన్ యాక్సెస్ అని రాసున్న ఫొటో ప్రింట్ తీసుకోవచ్చు, డిజైన్‌కి వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. పుస్తకాల సంగతి వేరు, అవి చదువుకోవడానికి ఫ్రీ గానీ పేజీలు అచ్చేసి అమ్మకూడదు.

ఫైళ్లు బరువు, వైఫై ఉన్న చోట దింపుకోండి. ఇంగ్లీష్ కష్టమైతే పీడీఎఫ్‌లో గోల్కొండ (Golconda), మన తూర్పు తీరం పేరు కోరమాండల్ (Coromandel), మచిలీపట్నం పాత పేరు మసూలిపటం (Masulipatam) అని ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో వెతకండి, మన వైపు బట్టలున్న పేజీలు తగుల్తాయి.